ఐ.పి. పెట్టడమంటే ఏమిటి?

“ఆడు ఐ.పి. పెట్టేసినాడు” అనే మాట సంతలో వింటూ ఉంటాం. అప్పు ఎగ్గొట్టి పారిపోయాడని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. “ఉన్నదంతా ఇచ్చినా అప్పు తీరదు” అని కోర్టుకు చెప్పుకోవడం. ఇది 1920 నాటి చట్టం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాయి. ఆ తోటలను నమ్ముకున్న ఒక జీడిపిక్కల వ్యాపారి ఉన్నాడనుకుందాం. సరుకు పోయింది. అప్పు మిగిలింది. భార్యాభర్తలు ప్లీడరు దగ్గరకు వెళ్ళారు.

“బాబూ, అప్పుకి జైల్లో ఎట్టేస్తారేటి?” అని అతను అడిగాడు.

“నిజంగా లేనివాణ్ణి పెట్టరు. ఉండి ఎగవేస్తే పెడతారు. 1980లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అప్పు డిక్రీ కోసం ఆడవాళ్ళను అసలు అరెస్టు చేయకూడదు.”

“మరి మా ఇల్లో బాబూ?” అంది భార్య.

“రైతు, కూలి కాపురముండే సొంత ఇంటిని జప్తు చేయరు. మీది వ్యాపారం. ఆ రక్షణ మీకు లేదమ్మా. వంటపాత్రలు, పక్కబట్టలు, నీ మంగళసూత్రం మాత్రం ముట్టరు.”

ఆమె కాసేపు మాట్లాడలేదు.

“పోనీ, ఇల్లు మా తమ్ముడి పేర రాసేస్తే?”

“వద్దు. ఊరికే రాసిచ్చిన రెండేళ్ళలోపు ఐ.పి. పెడితే, ఆ రాతను కోర్టు కొట్టేయవచ్చు. ఆస్తి దాచి మోసం చేస్తే ఏడాది వరకు జైలు. మీ తమ్ముడు ఎక్కడైనా హామీ సంతకం చేశాడా?”

“ఒక నోటు మీద సేసినాడు బాబూ.”

“ఐ.పి. మీ ఆయనకే. హామీ ఉన్నవాడికి విడుదల లేదు. ఆ బాకీ అతన్ని అడుగుతారు.”

కోర్టు ఒప్పుకుంటే ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. అమ్మగా వచ్చిన డబ్బు అప్పులవాళ్ళకు పంచుతారు. ఆ తరువాత కోర్టు అనుమతి లేకుండా వాళ్ళు దావా వేయలేరు. విడుదల కోసం దరఖాస్తు పెట్టడానికి కోర్టు ఒక గడువు ఇస్తుంది. ఆ గడువు దాటితే అంతా రద్దవుతుంది. తేదీ గోడ మీద రాసుకున్నా తప్పులేదు! విడుదలైతే పాత అప్పులు పోతాయి. ప్రభుత్వ బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, మనోవర్తి మాత్రం పోవు.

విడుదలయ్యేదాకా సంగతి చెప్పకుండా 50 రూపాయల అప్పు తెచ్చినా నేరమే. యాభైకి ఈ రోజుల్లో ఏమొస్తుంది? కాని చట్టంలో అంకె అదే. కూలి డబ్బును మాత్రం జప్తు చేయరాదు. అందుకే మళ్ళీ లేచేవాడు కూలి పనితో మొదలుపెట్టవచ్చు.

ప్లీడరు ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా ఉచితం.

“అప్పులన్నీ రాసి తీసుకురండి. ఒక్కటీ వదలొద్దు” అన్నాడు ప్లీడరు.

ఇంటికెళ్ళి ఆమె నోటుపుస్తకం తీసింది. పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ రాసింది. అన్నిటికన్నా పైన తమ్ముడు సంతకం చేసిన నోటు రాసింది.