చివరి పది గజాల గొట్టం

విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారి వెంట బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ రాయ్‌పూర్ చేరాయి. మాదీ అలాంటి కుటుంబమే. గొట్టాల పని నేర్చుకుని, ఇళ్లకు కుళాయిలు బిగిస్తూనే నా వయసంతా గడిపాను. రాయ్‌పూర్‌లో పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్ల కోసం, కొత్తగా కట్టుకునేవాళ్ల కోసం, ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న కుర్రవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వీటిలో కొన్ని చూసి నేర్చుకున్నవి. కొన్ని మాత్రం ఆలస్యంగా తెలిసినవి.

1. నీటి గుణం చివరి పది గజాల్లో తేలుతుంది.

ఈ ఊరికి మొదటి నీటి సరఫరా 1892లో వచ్చింది. నాందగావ్ రాజు బలరామదాసు రెండు లక్షల రూపాయలు ఇస్తే, ఖారూన్ నది నుంచి ఊళ్లోకి నీళ్లు తెచ్చి ఆ పథకానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పటికీ మన దాహం తీర్చేది ఖారూనే. ఆ నదిలో నీరు తగ్గితే గంగ్రేల్ జలాశయం నుంచి మహానది నీరు తోడవుతుంది. పటిక వేసి, వడగట్టి, క్లోరిన్ కలిపి పంపిన ఆ నీరు వీధి గొట్టం దాకా సర్కారు బాధ్యత. వీధి నుంచి వంటింటి దాకా ఉన్న ముక్క ఇంటివాడిది. నేను చూసిన ఇళ్లలో ఎక్కువమంది దీపావళికి గోడలకు రంగులు వేయించారు, నేలకు కొత్త రాళ్లు పరిపించారు. తాత వేయించిన గొట్టం మాత్రం మట్టిలో అలాగే ఉండిపోయింది. నది గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. ఆ ముక్క గురించి అడిగేవారే ఉండరు.

2. తేటగా కనిపించే నీరంతా మంచినీరు కాదు.

మా రోజుల్లో కొత్త కుళాయి తిప్పగానే గ్లాసు నింపి, వెలుగుకేసి ఎత్తి చూసి, బాగుందనేవాళ్లం. ఆ చూపుకు మట్టి దొరుకుతుంది, తుప్పు దొరుకుతుంది. సీసం దొరకదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంత కొంచెం దాన్ని మన కళ్లు ఎలా పట్టగలవు? రాజనందగావ్ వైపు కౌడికసా గ్రామంలో చేతిపంపుల నీటిలో ఆర్సెనిక్ బయటపడింది. ఆ నీళ్లు కూడా చూడటానికి తేటగానే ఉండేవి. ఇంకొక మాట. కాచి చల్లార్చితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ సీసం పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి తెలియక, పసిబిడ్డకు నీళ్లు బాగా మరిగించి పట్టమని ఎందరో తల్లులకు చెప్పాను. క్రిముల విషయంలో అది మంచి సలహాయే. పాత గొట్టమున్న ఇంట్లో మాత్రం అది సగం సలహా.

3. సీసం ఒక్క సీసం గొట్టంలోనే ఉండదు.

అమెరికాలో, ఐరోపాలో వీధి నుంచి ఇంటికి అచ్చమైన సీసం గొట్టాలే వేసిన ఊళ్లు చాలా ఉన్నాయి. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది జీఐ గొట్టం, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం. అందుకే ఆ బెడద మనకు లేదని చాలాకాలం అనుకున్నాం. కానీ జీఐ గొట్టం లోపలి జింకు పూతలోనే కొంత సీసం కలిసి ఉండేది. పూత అరిగి తుప్పు పేరుకున్నాక, ఆ తుప్పు పొరలు కూడా సీసాన్ని పట్టి ఉంచుతాయి, కదిపితే వదులుతాయి. వీధిలోని పాత పోత ఇనుప గొట్టాలకు జనపనార కుక్కి, కరిగిన సీసం పోసి అతుకులు వేసేవారు. మరలకు నార చుట్టి తెల్లసీసం ముద్ద రాసేవారు. ఇత్తడి కుళాయిల్లోనూ కొంత సీసం ఉంటుంది. ప్లాస్టిక్ వచ్చాక గండం గడిచిందనుకున్నాం. పీవీసీ గొట్టం గట్టిగా నిలవడానికి కలిపే మందుల్లో కూడా సీసం వాడుతున్నారని తర్వాత తెలిసింది. దాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అందుకే గొట్టం కొనేటప్పుడు ధర కన్నా ముందు దాని మీది అచ్చు చదవండి. ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. తాగునీటి పీవీసీ గొట్టమైతే ఐఎస్ 4985 అని ఉండాలి. సీసం లేనిదేనా అని దుకాణదారుణ్ణి నోరు తెరిచి అడగాలి. రసీదు దాచుకోవాలి.

4. మారిస్తే మొత్తం మార్చాలి.

కారుతున్న చోట రెండడుగులు కోసి కొత్త ముక్క అతికితే ఆ పూటకు కారడం ఆగుతుంది, ఖర్చు తగ్గుతుంది, ఇంటివారూ సంతోషిస్తారు. నేను బతికిందే అలాంటి అతుకుల మీద. కానీ పాత గొట్టాన్ని కోసినప్పుడు, కుదిపినప్పుడు లోపల పట్టిన పొర విరిగి నీటిలో కలుస్తుంది. సీసం గొట్టానికి రాగి గొట్టం అతికితే రెండు లోహాల మధ్య జరిగే రసాయన చర్య వల్ల సీసం ఇంకా త్వరగా కరుగుతుంది. సగం మార్చిన ఇళ్లలో కొంతకాలం పాటు సీసం తగ్గకపోగా పెరగడం అమెరికాలో గమనించారు. ఆ దేశంలో మేడిసన్ అనే నగరం 2001లో సీసం గొట్టాలు మార్చే పని మొదలుపెట్టి, వీధి భాగంతో పాటు ఇంటివారి భాగం కూడా మార్పించింది. ఇంటివారి ఖర్చులో కొంత నగరమే భరించింది. మీరు పని చేయించేటప్పుడు మేస్త్రీని ఒక్క ప్రశ్న అడగండి: ‘మీటరు నుంచి వంటింటి కుళాయి దాకా పాత ముక్క ఎక్కడైనా మిగిలిందా?’ పని అయ్యాక కుళాయి చివరి జాలీ విప్పి కడిగించండి. గొట్టంలో చాలాసేపు నీళ్లు పారించాకే బిందె పెట్టండి.

5. మురుగుకాలువలో నడిచే గొట్టం ఎప్పుడో ఒకప్పుడు మురుగు తాగుతుంది.

సీసం నెమ్మదిగా చెడు చేస్తే, మురుగు వారాల్లోనే చేస్తుంది. 2014లో రాయ్‌పూర్‌లో హెపటైటిస్ ఇ అనే కామెర్ల జబ్బు ప్రబలింది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగానే, మళ్లీ బస్తీలను కామెర్లు చుట్టుముట్టాయి. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. మన హైదరాబాదులో 2009లో భోలక్‌పూర్ వాసుల ప్రాణాలు తీసింది కూడా మురుగు కలిసిన తాగునీరే. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోండి. నీళ్లు రోజుకు కొద్ది గంటలే వస్తాయి. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు నిలిచి ఉంటే తుప్పు తిన్న చిల్లుల గుండా అది లోపలికి చేరుతుంది. నీళ్లు సన్నగా వస్తున్నాయని వీధి గొట్టానికే నేరుగా మోటారు బిగించేవాళ్లు ఆ మురుగును చేజేతులా లాక్కుంటున్నారు. ఇరుకు గల్లీల్లో తవ్వకం ఖర్చు తప్పుతుందని గొట్టాన్ని కాలువలోంచే తీసిన రోజులు నాకు గుర్తున్నాయి. అందరూ అలాగే చేసేవారు. అందరూ చేసినంత మాత్రాన అది సరైన పని కాలేదు. మీ ఇంటి గొట్టం కాలువలో కనిపిస్తే ఈ ఏడే బయటికి తీయించండి, కాలువకు దూరంగా, దానికన్నా ఎత్తులో నడిపించండి.

6. పెద్దలు తట్టుకున్నది పిల్లలు తట్టుకోలేరు.

అతుకుల కోసం సీసాన్ని మా పెరట్లోనే పొయ్యి మీద కరిగించేవాణ్ణి. ఆ మెరుపు చూడటానికి నా పిల్లలు చుట్టూ చేరేవారు. నేనూ మురిపెంగా చూపించేవాణ్ణి. ఆ పొగ, బట్టలకు అంటిన ఆ ధూళి వాళ్లకు చేటని నాకు చెప్పినవారు లేరు, నేనూ ఎవరినీ అడగలేదు. ఈ వయసులో నన్ను ఎక్కువగా బాధపెట్టే జ్ఞాపకం ఇదే. లోపలికి పోయిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎదిగే మెదడును అది దెబ్బతీస్తుంది, చదువును మందగింపజేస్తుంది, నడతను చెడగొడుతుంది, ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యూనిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన కలిగించేంత సీసం ఉంది. వాళ్లలో మన దేశపు పిల్లలే అందరికన్నా ఎక్కువ. రంగులు, పాత బ్యాటరీలు, కల్తీ పసుపు, పాత్రలు, నీళ్లు ఇలా దారులు చాలా ఉన్నాయి. నీళ్ల దారి మన చేతిలో ఉన్నది కనుక దాన్ని ముందు మూసేద్దాం.

7. పరీక్ష చేయించాకే నమ్మాలి.

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో సీసం పరీక్ష చేస్తారు. తెల్లవారి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీటిని ఒక సీసాలో, కాసేపు పారాక వచ్చే నీటిని మరో సీసాలో పట్టి ఇవ్వండి. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలోనే సీసం ఎక్కువగా దిగుతుంది. మొదటి సీసా నీటిలో సీసం ఎక్కువ, రెండో దాంట్లో తక్కువ వస్తే తప్పు మీ ఇంటి గొట్టంలోనో కుళాయిలోనో ఉన్నట్టు. గొట్టం మార్చేలోగా ఉదయం మొదటి నీళ్లను మొక్కలకో గచ్చు కడగడానికో వాడండి. వంటకు గీజరు నీళ్లు పట్టకండి, వేడినీటిలో సీసం త్వరగా కరుగుతుంది. ఆర్‌ఓ యంత్రం సీసాన్ని చాలావరకు ఆపుతుంది, కానీ దాని వడపోతలను వేళకు మార్చాలి.

8. పక్కింటి గొట్టం కూడా మన గొట్టమే.

అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని నీటి వనరును మార్చింది. గొట్టాలను కాపాడే మందు కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీటిలోకి దిగింది. నీళ్లు బాగాలేవని పేద పేటల తల్లులు మొత్తుకుంటే చాలాకాలం వినలేదు. మన బస్తీల మాట కూడా అలాగే గాలికి పోతుంది. అద్దె ఇంటివాడు గొట్టం మార్చలేడు, యజమాని ఆ ఇంటి నీళ్లు తాగడు. యజమానులకు నేను చెప్పేదొకటే: అద్దె వచ్చే ఇంటికి మంచినీరు మీ అప్పు. కుర్రవాళ్లకు చెప్పేది: వీధి గొట్టం మారుస్తున్న రోజున నలుగురినీ కూడగట్టి, గల్లీలోని ప్రతి ఇంటి ముక్కా ఒకేసారి మార్పించండి. తవ్వకం ఒక్కటే కనుక ఖర్చు పంచుకోవచ్చు. పని ముగిశాక గొట్టం ఎటు నుంచి ఎటు పోయిందో, ఏ సరుకు వేశారో, ఏ సంవత్సరమో ఒక కాగితం మీద గీసి ఇంటి పత్రాలతో దాచండి. మా తరం మట్టిలో పూడ్చి మరిచిపోయింది. మీరు రాసి పిల్లల చేతికివ్వండి.