ఆటస్థలమున అతిథి

మన అనంతపుర ప్రాంతమున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున మన ఆటస్థలములయందు పచ్చిక నిలువదు. నేల ఱాయివలె గట్టిపడును. అట్టి నేలపై బంతి యెట్లు లేచునో మీకు చిన్ననాటనే తెలియును. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. కాని మనమెఱుగని నేలకు అతిథులమై పోయినపుడు ఎట్లు ఆడవలెను? ఎట్లు చూడవలెను? ఇందులకు దృష్టాంతముగా 1971వ సంవత్సరమున మన దేశపు క్రికెట్టు జట్టు ట్రినిడాడు ద్వీపమునందలి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరమున ఆడిన ఆటను పరిశీలింతము.

ఆ జట్టునకు అజిత్ వాడేకర్ నాయకుడు. అందు జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవిందరాజు మొదలగు హైదరాబాదు క్రీడాకారులుండిరి. అంతవరకు మనవారు వెస్టిండీసు జట్టును టెస్టు ఆటలో ఒక్కమారైనను గెలిచి యెఱుగరు.

అతిథి మొదటి ధర్మము నేలను తెలిసికొనుట. ఆ నగరమందలి క్వీన్స్ పార్క్ ఓవల్ మైదానము స్పిన్ బంతికి అనుకూలమని పేరొందినది. నేల పొడిగానుండి అరిగినకొలది బంతి దానిని పట్టి పక్కకు తిరుగును. మనవారు స్పిన్నర్లనే నమ్ముకొనిరి. రెండవ ఇన్నింగ్సులో వెంకటరాఘవన్ 5 వికెట్లు తీసెను. కృష్ణమూర్తి వికెట్లవెనుక కాపుండెను. సర్దేశాయి 112 పరుగులు చేసెను. అదే మొదటి టెస్టుగా ఆడిన 21 ఏండ్ల గవాస్కర్ 65, 67 పరుగులు చేసెను. మార్చి 10వ తేదీన 7 వికెట్ల తేడాతో మనవారు గెలిచినపుడు అతనికి తోడుగా నిలిచియున్నవాడు ఆబిద్ అలీ.

రెండవ ధర్మము ఆ చోటి మర్యాదను గ్రహించుట. 1845 మొదలు 1917 వరకు కలకత్తా, మద్రాసు రేవులనుండి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కి ఆ ద్వీపమునకు పోయినవారి సంతతి అచట విస్తారముగా నున్నది. అచట ఆట చూచుట ఒక పండుగ. వాద్యములు, పాటలు, హాస్యోక్తులు మైదానమున మ్రోగుచుండును. మౌనముగా కూర్చున్న అతిథి ఆ సంతోషములో సగము పోగొట్టుకొనును. ఆడ గోరువారికి సమీపమున క్వీన్స్ పార్క్ సవానా యను సుమారు 260 ఎకరముల బయలు కలదు. అట్టి చోట ఆడువారిని ముందుగా అడిగి, వారి నియమములకు లోబడి చేరుటయే అతిథికి తగును.

మూడవది ఆతిథేయుల ధర్మము. గవాస్కర్ ఆ యాత్రలో 4 టెస్టులందు 774 పరుగులు చేసెను. మనవారు ఆ వరుసను గెలిచిరి. అప్పుడు లార్డ్ రిలేటర్ అను ట్రినిడాడు గాయకుడు, నాటి సంగతులను పాటకట్టు కాలిప్సో యను తమ పద్ధతిలో, తమను ఓడించిన ఆ యువకుని పొగడుచు పాట కట్టెను.

ఇది చదువునపుడెల్ల మాకు మా తప్పు జ్ఞాపకము వచ్చును. కొన్నేండ్ల క్రిందట దూరపు ఊరి జట్టొకటి మా ఆటస్థలమునకు వచ్చెను. మా గట్టినేల వారికి అలవాటు లేదు. బంతి మొగముమీదికి లేచుచుండగా వారు వరుసగా ఔటైరి. మా పిల్లలు ఈలలువేసి వెక్కిరించిరి. ఉపాధ్యాయులమైన మేమును వారింపక నవ్వితిమి. మఱునాడు చిన్న తరగతి బాలుడొకడు, "అయ్యవారూ, మనం ఆడికి పోతే వాళ్లు గూడా ఇట్లనే నగుతారా?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆటకు నియమములు నేర్పితిమి గాని, ఆతిథ్యము నేర్పమైతిమి.

2024వ సంవత్సరము సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు మన అనంతపురమునందు జరిగినవి. పలు రాష్ట్రముల క్రీడాకారులు మన ఊరికి అతిథులై వచ్చిరి. ఇక ముందును వత్తురు. మీరును పరస్థలములకు పోవుదురు. మన నేల కఠినమైనది. అది మన చేతిలో లేదు. వచ్చినవాని మంచి ఆటకు చప్పట్లు కొట్టుట మన చేతిలో నున్నది. ఆ బాలుని ప్రశ్నకు మీరు మీ నడవడిచేత బదులు చెప్పుదురుగాక!