సంత మైదానంలో ప్రదర్శనకు రుసుం మాఫీ చేస్తారా?

ప్రశ్న: ఆగస్టు 22న మన్యం పోరాటం గుర్తుగా, గిరిజన మ్యూజియంతో కలిసి అరకు సంత మైదానంలో ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. పంచాయతీ రుసుం మాఫీ చేస్తుందా?

జవాబు: స్థలం పంచాయతీదైతే రుసుం వదులుకునే నిర్ణయమూ దానిదే. సర్పంచి నోటిమాట చాలదు, తీర్మానం నకలు చేతికి తీసుకోండి. ప్రవేశం ఉచితమని, అమ్మకాలు ఉండవని అర్జీలో రాయండి. అరకు అయిదో షెడ్యూలు ప్రాంతం. అలాంటి ప్రాంతాల్లో సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభదని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. దానితో మాఫీ రాదు గానీ మీ అర్జీకి బలమొస్తుంది. కరెంటు ఛార్జీలు, మైకు అనుమతి వేరే. వాటికి ఆయా శాఖలనే అడగాలి.

అడగకపోయినా ఒక మాట. 1922లో చింతపల్లి స్టేషన్‌పై దాడితో మొదలైన ఆ పోరులో అల్లూరి వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లూ అంతే పెద్ద అక్షరాల్లో రాయించండి.