హ్యాకర్లు: విద్య ఒకటే, నియ్యత్ వేరు

హ్యాకర్ అనగానే దొంగ అనుకుంటాం. తాళాలు బాగుచేసేవాడికీ దొంగకీ తెలిసిన విద్య ఒకటే. ఇంటివారి అనుమతి, మనసులోని నియ్యత్ మాత్రమే వేరు. హ్యాకర్లలోనూ అంతే.

వైట్ హ్యాట్: సంస్థ అనుమతితో దాని కంప్యూటర్లలో లోపాలు వెతికి చెప్పేవారు. ఇది గౌరవమైన ఉద్యోగం.

బ్లాక్ హ్యాట్: డబ్బు కోసమో, పగతోనో చొరబడేవారు.

గ్రే హ్యాట్: కుతూహలంతోనో, పేరు కోసమో అడగకుండా చొరబడి, ఆపై లోపం చెప్పేవారు. మేలు చేశామన్నా, అనుమతి లేని ప్రవేశం తప్పే.

హ్యాక్టివిస్టులు: రాజకీయ, సామాజిక నిరసన కోసం దాడి చేసేవారు.

2017 మేలో 'వన్నాక్రై' సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. ఆ ప్రోగ్రాంలో దాగిన వెబ్ చిరునామాను నమోదు చేసి, దాని వ్యాప్తిని ఆపినవాడు మార్కస్ హచిన్స్ అనే యువకుడు. అంతకుముందు బ్యాంకు వివరాలు దొంగిలించే ప్రోగ్రాం తయారు చేశానని అతడే 2019లో అమెరికా కోర్టులో ఒప్పుకున్నాడు. చేతులు అవే, నియ్యత్ మారింది.

దాతలకు మా మనవి: రమజాన్‌లో సొసైటీ పేరుతో కొత్త ఖాతా నంబరు వస్తే, మనకు తెలిసిన కార్యకర్తకు ఫోన్ చేసి అడిగాకే జకాత్ పంపుదాం. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేద్దాం.

మీ సాయంతో కంప్యూటర్ చదివే పిల్లలకు విద్యతో పాటు అమానత్ విలువ కూడా నేర్పుదాం. ఆ రెండూ కలిస్తేనే మీ దానం సార్థకం.