ఘనగిరి దుర్గము – జలసూత్రము

అనంతపురము నుండి బెంగుళూరునకు పోవు మార్గమున, సుమారు 70 కిలోమీటర్ల దూరములో, మెట్టభూముల నడుమ ఒక పెద్ద కొండ కానవచ్చును. అదియే పెనుకొండ. సంస్కృతమున దీనిని ఘనగిరి యందురు. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండిన ఈ పట్టణము 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

ఇచ్చటికి వచ్చు యాత్రికులు కోటను, మహలును చూచి మరలిపోవుదురు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగింపగా, తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య వర్షములును క్షీణింపగా, ఈ సీమలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఇట్టి చోట ఒక రాజధాని ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్న వేసికొననిదే పెనుకొండ దర్శనము సంపూర్ణము కాదు.

కోట చరిత్ర

కోట ఉత్తర ద్వారముననున్న 1354 నాటి శాసనము ప్రకారము, మొదటి బుక్కరాయలు పెనుకొండ రాజ్యమును తన కుమారుడు వీరవిరూపణ్ణ ఒడెయరున కొసగెను. ఆతని కాలముననే ఈ కోట నిర్మితమైనది. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు మడిసిన పిమ్మట, ఆతని తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని పెనుకొండ చేరెను. నాటినుండి సామ్రాజ్యమునకు ఇదియే రాజధాని. రామరాజభూషణుని వసుచరిత్రమును అంకితము గొన్నవాడు ఈ తిరుమలరాయలే. తరువాత వేంకటపతిరాయల కాలమున (1586–1614) రాజధాని చంద్రగిరికి తరలినది.

చూడదగినవి

గగనమహలు రెండంతస్తుల రాజమందిరము. దాని కమానులు మహమ్మదీయ శిల్పరీతిని, పైనున్న శిఖరము దేవాలయ విమానరీతిని తలపించును. రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. ఒకదాని గోడలపై రామకథయు, వేరొకదానిపై శివలీలలును మలచబడినవి. పచ్చని రాతి మూర్తి గల పార్శ్వనాథాలయము జైనులకు పూజనీయము. షేర్‌ఖాన్ మసీదును, బాబా ఫక్రుద్దీన్ దర్గాయు ఈ పట్టణముననే కలవు. ఎఱ్ఱమంచి ద్వారము కడ సుమారు 11 అడుగుల ఆంజనేయ విగ్రహము కోటకు కావలియున్నట్లు నిలిచియున్నది. ఇన్ని మతములవారు ఒక్క కొండ నీడన నివసించిరి. వారందరికిని అవసరమైనది ఒక్కటే – నీరు.

సింగయభట్టు పని

ఈ నీటి కథను తెలుపు శాసనము పెనుకొండలో లేదు. అది కర్ణాటకమునందలి గౌరిబిదనూరు తాలూకాలో లభించినది. దాని కాలము 1388. రెండవ హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు అప్పుడు పెనుకొండ నుండి పాలించుచుండెను. ప్రాణులకు జలమే జీవనమని తలచి, ప్రజలెల్లరు సుఖముగా నుండుటకై హెన్నె నదిని, అనగా పెన్నను, పెనుకొండకు తేవలెనని ఆతడు నిండుకొలువులో జలసూత్ర నిపుణుడైన సింగయభట్టును ఆదేశించెను. సింగయభట్టు సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ యని పేరిడెను.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. పెన్న నందికొండలలో పుట్టి ఉత్తరముగా ప్రవహించుచు ఈ సీమలో ప్రవేశించును. కావున ఎగువన, గౌరిబిదనూరు ప్రాంతముననే నీటిని మళ్లించి, నేలవాలును అనుసరించి నడిపింపవలెను. కొండలను, మిట్టలను తప్పించి, వాలు చెడకుండ కాలువను కొనిపోవుటయే జలసూత్రము. ఇది మొదటిది. కాలువకు పేరు రాజుదే యైనను, పనిచేసినవాని పేరును రాతిపై నిలిచినది. ఇది రెండవది. కాయకమునకు గౌరవమిచ్చువారు ఈ రెండవదానిని మరువరాదు.

నేటికి పాఠము

ఆరు వందల యేండ్లు గడచినను పెనుకొండ ప్రశ్న మారలేదు. హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలము నుండి కృష్ణాజలములు 2016లో పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు చేరినవి. ఎఱ్ఱమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి నారంభించిన కియా కర్మాగారమునకును ఆ నీరే ఆధారము. నాడు పెన్న, నేడు కృష్ణ. ఊరు మాత్రము అదే.

కోట స్థావరము, నీరు జంగమము. శత్రువును కోట ఆపగలదు, దప్పికను ఆపజాలదు. శిథిలమైన గోపురమును చూచి నిట్టూర్చు మనము, పూడిపోయిన చెరువును చూచి ముఖము త్రిప్పుకొందుము. అదియు పూర్వులు విడిచిన ఆస్తియే. చెరువునకు వచ్చు వాగు మూసికొనిపోయినచో, గట్టు ఎంత పెద్దదైనను అది రాళ్లకుప్పతో సమానము.

కావున పెనుకొండకు పోవువారు గగనమహలు చూచిన పిదప కొండపైకెక్కి నలుదిక్కుల చూడవలెను. ఏ చెరువులోనికి ఏ దారిని నీరు వచ్చునో, ఎచ్చట ఆ దారి తెగినదో పిల్లలకు చూపవలెను. తమ ఊరికి తిరిగి వచ్చిన తరువాత అదే పరీక్ష అచ్చటి చెరువునకును చేయవలెను. సింగయభట్టు పేరును స్మరించుటకు అంతకు మించిన మార్గము లేదు.