ఊరు కాపలా కాసిన బడి



ఆఫ్గనిస్తాన్‌లో ఆరవ తరగతి ముగించిన బాలికకు ఏడవ తరగతి లేదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూలును మళ్ళీ చేజిక్కించుకున్నారు. మరుసటి నెలలో ఉన్నత పాఠశాలలను మగపిల్లలకు మాత్రమే తెరిచారు. 2022 మార్చి 23న ఆడపిల్లలకూ తెరుస్తామన్నారు. పిల్లలు సంతోషంగా బడికి వచ్చారు. కొన్ని గంటలు గడవకముందే వారిని ఇళ్ళకు పంపివేశారు. ఆ ఏడాది డిసెంబరులో విశ్వవిద్యాలయాలు, 2024 డిసెంబరులో నర్సులకు, మంత్రసానులకు శిక్షణనిచ్చే సంస్థలు కూడా స్త్రీలకు మూతపడ్డాయి. ఉన్నత పాఠశాల చదువుకు దూరమైన బాలికలు కనీసం 14 లక్షల మంది అని యునెస్కో 2024 ఆగస్టులో తెలియజేసింది.

ఆ దేశానికి ఇది కొత్త కాదు. 1996 నుండి 2001 వరకు సాగిన మొదటి తాలిబన్ పాలనలోనూ ఆడపిల్లల బడులకు తాళాలు పడ్డాయి. అప్పుడు అక్కడి తల్లిదండ్రులు, ఊళ్ళు ఏమి చేశారన్నదే ఈ వారం మన పాఠం.

సకీనా యాకూబీ హెరాత్ నగరంలో పుట్టారు. అమెరికాలో చదువుకుని, అక్కడే ఆచార్యులుగా పనిచేశారు. సుఖంగా స్థిరపడదగిన ఆ ఉద్యోగాన్ని విడిచి, పాకిస్తాన్‌లోని పెషావరు శరణార్థి శిబిరాలకు వచ్చారు. తన ప్రజలకు ముందుగా కావలసినది చదువేనని ఆమెకు అక్కడ తోచింది. 1995లో ఆఫ్గన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లెర్నింగ్ అనే సంస్థను స్థాపించారు. తాలిబన్లు బడులు మూయించినప్పుడు ఆ సంస్థ 80 రహస్య గృహ పాఠశాలలకు అండగా నిలిచింది. వాటిలో 3,000 మంది బాలికలు చదువుకున్నారు.

గృహ పాఠశాల అంటే ఎవరో ఒకరి ఇంట్లో ఒక గది. చాప పరచుకుని కూర్చోవాలి. గుంపుగా వస్తే వీధిలో అనుమానం కలుగుతుంది కనుక పిల్లలు ఒకరిద్దరుగా వచ్చేవారు. పట్టుబడితే టీచరుకూ, ఇల్లు ఇచ్చినవారికీ శిక్ష తప్పదు. అటువంటప్పుడు బయటి సంస్థ ఎంత ధనం పంపినా ఏమి లాభం? పొరుగువారు నోరు కట్టుకోవాలి, పెద్దలు కన్నేసి ఉంచాలి, తండ్రి కూతురిని పంపాలి. అందుకే ఆ సంస్థ పిలవని ఊరికి వెళ్ళేది కాదు. బడి కావాలని ఊరివారే అడగాలి. స్థలమో, కాపలాయో, శ్రమో, తమకు చేతనైనది వారే ఇవ్వాలి. టీచర్లకు శిక్షణ, పుస్తకాలు సంస్థ చూసుకునేది. ఉచితంగా ఇచ్చిన భవనం కన్నా ఊరు అడిగి తెచ్చుకున్న గది గట్టిదని నా అభిప్రాయం. మన ప్రాంతంలో కట్టి వదిలేసిన భవనాలను చూసినవారు కాదనలేరు.

ఆ సంస్థ స్త్రీలకు నాయకత్వ శిక్షణ కూడా ఇచ్చింది. నాయకత్వం అంటే వేదికలు, దండలు కావు. ఇంట్లో కూతురి చదువు గురించి నోరు తెరిచి చెప్పగలగడం, ఊరి పెద్దల ముందు కారణం చూపి మాట్లాడగలగడం, నేర్చుకున్నది మరొకరికి నేర్పడం.

యాకూబీ స్వయంగా చెప్పిన సంగతి ఒకటుంది. ఒకసారి దారిలో తుపాకులు పట్టిన 19 మంది యువకులు ఆమె కారును ఆపారు. ప్రాణం పోయిందనే అనుకున్నారు. వారి ఫిర్యాదు వేరు: ఆడపిల్లలకు చదువు చెబుతున్నారు, మాకెందుకు చెప్పరు? తమకు తుపాకి పట్టడం తప్ప ఎవరూ ఏమీ నేర్పలేదన్నారు. ఆమె వారికీ చదువు ఏర్పాటు చేశారు. ఆ తరువాత వారే ఆమె పనికి తోడయ్యారు.

ఆ సంస్థలో 1998లో చేరిన వైద్యురాలు హబీబా సరాబీ కూడా బాలికలకు రహస్యంగా చదువు చెప్పినవారే. 2005లో ఆమె బామియాన్ రాష్ట్రానికి గవర్నరు అయ్యారు. ఆ దేశంలో ఒక రాష్ట్రానికి స్త్రీ గవర్నరు కావడం అదే మొదటిసారి. 2013లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇదంతా వారి మతం చేసిన పని అని మనలో కొందరంటారు. ఆ మాట సరికాదు. ప్రపంచంలో ముస్లిం దేశాలు ఎన్నో ఉన్నా, బాలికలకు ఉన్నత పాఠశాలను నిషేధించిన దేశం ఇదొక్కటే. యాకూబీ భక్తిగల ముస్లిం స్త్రీ. చదువు మీ ధర్మమని ఖురాన్ చూపించే పెద్దలను ఒప్పించారు. విశ్వాస బలంతో సేవచేసేవారికిచ్చే ఓపస్ బహుమతిని 2013లో ఆమె అందుకున్నది యేసుసభవారి జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో.

మన దేశపు గురువు ఒకరు కూడా ఆ నేలపై వెల చెల్లించారు. తమిళనాడుకు చెందిన ఫాదర్ అలెక్సిస్ ప్రేమ్ కుమార్ యేసుసభ శరణార్థుల సేవాసంస్థ తరఫున అక్కడ పనిచేశారు. 2014 జూన్ 2న హెరాత్ సమీపాన, తిరిగి వచ్చిన శరణార్థుల పిల్లల బడిని చూడబోయినప్పుడు ఆయనను అపహరించారు. 2015 ఫిబ్రవరి 22న విడుదలయ్యారు.

2021 తరువాత మళ్ళీ ఇళ్ళలో రహస్య పాఠాలు మొదలయ్యాయి. చెబుతున్నవారిలో మధ్యలో దొరికిన ఆ 20 ఏళ్ళలో బడికి వెళ్ళి, కళాశాల చదువు పూర్తిచేసుకున్న యువతులు ఎందరో ఉన్నారు.