నోటిఫికేషన్ వచ్చేదాకా జీతం వద్దా?

సమస్య: మేడమ్, మాది మానుకోట దగ్గరి ఊరు. బీకాం అయ్యాక నాలుగేళ్లుగా గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. జనగామ అమ్మాయి, భూపాలపల్లి అమ్మాయి, నేను హన్మకొండలో ఒకే గదిలో ఉంటాం. పగలంతా స్టడీ హాల్లోనే. ఇక్కడే ఒక ట్యాక్స్ కన్సల్టెంటు ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల పనికి రమ్మంటున్నారు, నెలకు పదహారు వేలు. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతావని గదిలో వాళ్లంటున్నారు. ‘ఇంత చదివింది ఈ పదహారు వేలకా?’ అని నాన్న. పుస్తకాలు మూస్తే సంబంధాలు చూస్తారని నా భయం. నాకు 27 ఏళ్లు. చేరనా, మాననా?

సలహా: చేరండి. పుస్తకాలు అటకెక్కించమని మాత్రం కాదు. గ్రూప్-1 సంగతే చూడండి. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, ఆపై మెయిన్స్, మళ్లీ కోర్టు. నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2025 సెప్టెంబరు. 2022 డిసెంబరులో ప్రకటించిన గ్రూప్-2కి పరీక్ష జరగడానికే దాదాపు రెండేళ్లు పట్టింది. రోజుకు పన్నెండు గంటలు చదివినామెకూ, నాలుగు గంటలు చదివినామెకూ ఈ వాయిదాలు ఒకటే. అంటే ఉద్యోగం వదులుకుని మీరు చేస్తున్నదాంట్లో చదువు కొంతే, మిగతాది ఎదురుచూపు. ఎదురుచూసే రోజులకు జీతం వస్తే నష్టమేమిటి?

రెండు పడవల సామెత రెండూ కదులుతున్నప్పటి మాట. ఒకటి ఇంకా రేవులోనే కట్టి ఉంది కదా! అయినా మీ స్నేహితురాళ్ల వాదనలో బలం లేకపోలేదు. 2024 ప్రిలిమ్స్ రాసినవారు మూడు లక్షల పైచిలుకు, పోస్టులు 563. ఆఖరి మూడు నెలల్లో అరకొర చదువు చాలదు. కాబట్టి పరీక్ష తేదీ ఖాయమయ్యాక సెలవు పెట్టండి, ఇవ్వకపోతే మానేయండి. ఈ పనిలో ప్రతి నెలా 11, 20 తేదీల ముందు రిటర్నుల ఒత్తిడి ఉంటుంది, ఆ రోజుల్లో పుస్తకం తెరవలేరు. టైంటేబుల్ వేసుకునేటప్పుడే వాటిని కొట్టేయండి.

సర్కారు కొలువుకున్న భద్రత ప్రైవేటుకు లేదని మీ నాన్నగారు అంటారు. నిజమే, కానీ ఆ భద్రత లోపల ఉన్నవాళ్లకే. బొగ్గు గనుల ఊరైన భూపాలపల్లి అమ్మాయికి ఇది చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న సింగరేణి గనుల్లో ఇప్పుడున్నది దాదాపు 40 వేల మందే. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు, కాంట్రాక్టు పని కలిసి బయట నిలబడ్డవాళ్లకు తలుపు ఇరుకు చేశాయి. ‘వయసు ఇంకా ఉందిగా’ అనే మాట కూడా వినే ఉంటారు. 2024లో గరిష్ఠ వయోపరిమితిని 46 ఏళ్లకు పెంచారు. నాకది ఊరటలా కనిపించదు. ఎక్కడో ఒకచోట ఆగమని చెప్పే గీతను అది ఇంకా దూరం జరిపింది. ఇక ఆ గీత మీరే గీసుకోవాలి: ఇంకో రెండు పరీక్షలు, అంతే.

సంబంధాల భయం గురించి ఒక మాట. మన ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లి వాయిదా వేసుకోవడానికి ప్రిపరేషన్ ఒక మర్యాదైన సాకు. తప్పుపట్టను. కాకపోతే ఆ సాకు నాన్న పంపే డబ్బుతో నడుస్తుంది, ఆయన ఆపిన రోజు ఆగిపోతుంది. సొంత జీతంతో ‘ఇప్పుడే వద్దు’ అంటే వినేవాళ్లు కొంచెం ఎక్కువ.

పదహారు వేలు తక్కువే. కానీ ఆఫీసు ఇక్కడే కాబట్టి మీరు గది మారనక్కర్లేదు. ఈ సలహా ముగ్గురికీ ఒకేలా వర్తించదు కూడా: జనగామ అమ్మాయికి ఇంటి నుంచే సికింద్రాబాద్ రైలుంది, రైలే లేని భూపాలపల్లికి తిరిగి వెళితే గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం దాటి పని వెతుక్కోవడం కష్టం. మీరు చేరే ముందు నియామక పత్రం రాసివ్వమనండి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోటైతే ఆ జీతానికి ఈఎస్ఐ ఉండాలి. ఇరవై మంది లోపు ఉంటే పీఎఫ్ తప్పనిసరి కాదు. అప్పుడు జీతమైనా చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమనండి. రేపు ఎక్కడికి వెళ్లినా ఇంత అనుభవం ఉందని చూపించడానికి ఆ పాస్‌బుక్కే పనికొస్తుంది.